మంగళగిరి చేనేత దుకాణం సైటుకు నెలకు 15 వేలు కట్టాలా?

మీ ప్రశ్న సారాంశం ఇది. మంగళగిరిలో మీ నాన్నగారి కాలం నుంచి నడుస్తున్న చేనేత దుకాణం ఉంది. రెండేళ్ల క్రితం తెలిసిన అబ్బాయితో వర్డ్‌ప్రెస్‌లో సైటు చేయించారు. దుకాణం పేరు కొడితే గూగుల్‌లో వస్తోంది. 'మంగళగిరి కాటన్ చీరలు' అని కొడితే మాత్రం ఎన్ని పేజీలు జరిపినా కనబడడం లేదు. ఇంతలో ఒక సంస్థవాళ్లు ఫోను చేసి, నెలకు 15 వేల రూపాయలు కడితే మూడు నెలల్లో మొదటి పేజీలోకి తెస్తామని రాతపూర్వకంగా హామీ ఇచ్చారు. కట్టవచ్చా అని అడిగారు. వాళ్ల ప్రతిపాదన కాగితం, సైటు చిరునామా కూడా పెట్టారు కాబట్టి రెండూ చూసే రాస్తున్నాను.

కట్టకండి. మీ సైటుకు పని ఉంది, చాలానే ఉంది. కానీ ఆ కాగితంలో రాసిన పని ఒకటి, మీ సైటుకు కావలసిన పని మరొకటి. కావలసిన దానిలో ముప్పాతిక వంతు మీ ఇంట్లోవాళ్లు తప్ప బయటివాళ్లు చేయలేరు.

ముందు హామీ సంగతి. సైట్లను వెతుకులాటలో పైకి తెచ్చే పని చేసేవాళ్లను ఎలా ఎంచుకోవాలో చెబుతూ గూగుల్ ఒక సహాయ పేజీ పెట్టింది. మొదటి స్థానం ఇప్పిస్తామని ఎవరూ హామీ ఇవ్వలేరని అందులో స్పష్టంగా ఉంది. మార్పులు చేసి వాటి ఫలితం చూడడానికి మామూలుగా నాలుగు నెలల నుంచి ఏడాది వరకు పడుతుందని కూడా గూగుల్ వాళ్లే చెబుతారు. మరి వీళ్లు మూడు నెలల హామీ ఎలా ఇవ్వగలుగుతున్నారు? కాగితం రెండో పేజీ చివర చూడండి, ఏ పదాలకు మొదటి పేజీ అన్నది 'సంస్థ నిర్ణయిస్తుంది' అని ఉంది. కిటుకంతా అక్కడే. 'మంగళగిరి మెయిన్ బజార్‌లో నిజాం అంచు చీరల హోల్‌సేల్ దుకాణం' లాంటి పొడవైన మాట ఎవరూ వెతకరు, కాబట్టి పోటీ ఉండదు, కాబట్టి మొదటి పేజీ తేలికగా వస్తుంది. దాని ఫొటో తీసి మీకు పంపి హామీ నెరవేరిందంటారు. దుకాణానికి ఒక్క మనిషి కూడా అదనంగా రాడు.

ఆ కాగితంలోని మిగతా మూడు పనులు కూడా చూద్దాం. 'మెటా కీవర్డ్స్ అమరిక' అని ఉంది, అంటే పేజీ కోడ్‌లో కనబడకుండా రాసే వెతుకులాట పదాల జాబితా. ఆ ట్యాగును తమ వెతుకులాటలో లెక్కలోకి తీసుకోవడం లేదని గూగుల్ 2009లోనే బహిరంగంగా ప్రకటించింది. దానికి ఈ రోజు కూడా డబ్బు అడుగుతున్నారంటే వాళ్ల కాగితం ఎంత పాతదో ఊహించుకోండి. 'నెలకు 200 బ్యాక్‌లింకులు', అంటే వేరే సైట్ల నుంచి మీ సైటుకు వచ్చే లింకులు, అనేది రెండోది. డబ్బుకు కొన్న లింకులు, ఎవరూ చదవని డైరెక్టరీ సైట్లలో పెట్టిన లింకులు గూగుల్ నియమాలకు విరుద్ధం. 2012లో గూగుల్ వెతుకులాట పద్ధతిలో పెంగ్విన్ అనే మార్పు వచ్చినప్పటి నుంచి ఇలాంటివాటిని పట్టుకునే పని సాగుతూనే ఉంది. ఇప్పుడు ఎక్కువ భాగం వాటిని లెక్కించకుండా వదిలేస్తారు. అంటే మంచి జరిగితే మీ డబ్బు వృథా, చెడు జరిగితే సైటుకు శిక్ష. మూడోది 'నెలకు 8 వ్యాసాలు'. నమూనాగా ఇచ్చిన వ్యాసం చదివాను. 'భారతీయ సంస్కృతిలో చీరకు విశిష్ట స్థానం ఉంది' అని మొదలై అలాగే ముగిసింది. మంగళగిరి అన్న చోట వెంకటగిరి అని మార్చినా ఒక్క వాక్యం కూడా తప్పు కాదు. వెతుకులాటలో పైకి రావడానికే గుట్టలుగా రాసి పడేసే పేజీలను 2024 మార్చిలో గూగుల్ చెత్త కింద ప్రత్యేకంగా చేర్చింది. మనిషి రాసినా యంత్రం రాసినా అదే నియమం.

ఇక మీ సైటు. ఫోనులో తెరిస్తే పైన ఐదు పెద్ద బొమ్మలు ఒకదాని తర్వాత ఒకటి తిరుగుతున్నాయి. వాటి కింద ఇంగ్లీషులో స్వాగతం, నాణ్యతే మా ధ్యేయం అన్న అర్థంలో రెండు వాక్యాలు. ఆ కింద చీరల ఫొటోలు, వాటి పేర్లు 'ఎంజీఎల్ 104', 'ఎంజీఎల్ 105'. నొక్కితే పెద్ద ఫొటో, 'ధర కోసం వాట్సాప్ చేయండి' అన్న బొత్తాం. మొత్తం సైటులో చీర గురించి ఒక పేరా కూడా కనబడలేదు.

'మా గురించి' పేజీలో తెలుగులో చాలా మంచి విషయం ఉంది, నేను చదివాను. గూగుల్ మాత్రం చదవలేదు. ఎందుకంటే అది డీటీపీ కేంద్రంలో చేయించిన కరపత్రం బొమ్మ. బొమ్మలోని అక్షరాలను పేజీలో రాసిన అక్షరాల్లా నమ్మకంగా వెతికి చూపడం జరగదు. ఇంకో పేజీలో అదే విషయాన్ని కాపీ చేసి పెట్టబోయారనుకుంటాను, అక్కడ ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కలగాపులగంగా ఉన్నాయి. అది అను ఫాంట్ల పాపం. మన ప్రింటింగ్ ప్రెస్సుల్లో ఏళ్ల తరబడి వాడిన ఆ ఫాంట్లు ఇంగ్లీషు అక్షరాల సంకేతాల మీదే తెలుగు ఆకారాలను కూర్చినవి. ఆ ఫాంటు ఉన్న కంప్యూటర్లో తెలుగులా కనబడుతుంది, లేని చోట గజిబిజి. యంత్రానికి ఎక్కడైనా గజిబిజే. ప్రతి భాష అక్షరానికీ దానిదైన సంకేతం ఇచ్చే యూనికోడ్‌లో ఉన్న తెలుగును మాత్రమే వెతుకులాట యంత్రాలు తెలుగుగా గుర్తిస్తాయి. అను నుంచి యూనికోడ్‌కు మార్చే ఉచిత సాధనాలు నెట్‌లో దొరుకుతాయి. మార్చాక ఒత్తులు, అరసున్నలు ఒకసారి సరిచూసుకోండి, అక్కడక్కడ తప్పుతాయి. మీ సైటుకు ఈ ఒక్క పని ఉచితం, గంటలో అయిపోతుంది, లాభం ఖాయం.

అసలు సమస్య ఇంకా లోతుగా ఉంది. మీ దుకాణానికి ఒకావిడ వచ్చారనుకోండి. మీ నాన్నగారు లేదా మీరు ఏం చెబుతారు? ఇది 80 నంబరు నూలు, అది 100, ఇంకా సన్నం, చేత్తో పట్టుకుని చూడండి అంటారు. అంచు ఎన్ని అంగుళాలో, జరీ ఎలాంటిదో చెబుతారు. మొదటిసారి ఉప్పు నీళ్లలో నానబెట్టాలా వద్దా, రంగు దిగుతుందా, గంజి పెట్టాలా అని ఆవిడ అడుగుతారు. జాకెట్టు గుడ్డ కలిసే వస్తుందా, ఇదే రంగులో మరో ఆరు కావాలంటే నేయిస్తారా, ఎన్ని రోజులు పడుతుంది, ఇది మగ్గం మీద నేసినదే అని నమ్మకం ఏమిటి అని అడుగుతారు. రోజంతా మీరు అమ్ముతున్నది ఈ మాటలతోనే. ఆ మాటల్లో ఒక్కటీ మీ సైటులో లేదు. జనం వెతుకుతున్నది సరిగ్గా వాటినే. పేజీలో లేని మాటకు ఆ పేజీని ఏ గూగులూ చూపించదు.

కాబట్టి మొదటి పని రాయడం. ఏం రాయాలో ఆలోచిస్తూ కూర్చోనక్కర లేదు. దుకాణం వాట్సాప్ తెరిచి, గత మూడు నాలుగు నెలల్లో కొనుగోలుదారులు అడిగిన ప్రశ్నలన్నీ ఒక పుస్తకంలో వరసగా రాయండి. మళ్లీ మళ్లీ వచ్చేవి పాతిక ముప్పై మించవు. మీ నాన్నగారిని కూర్చోబెట్టి వాటికి జవాబులు చెప్పమని ఫోనులో రికార్డు చేయండి. ఆయన మాటను వీలైనంత వరకు అలాగే ఉంచి రాయండి. 'ప్రీమియం క్వాలిటీ', 'ఎక్స్‌క్లూజివ్ కలెక్షన్' లాంటి మాటలు ప్రతి సైటులోనూ ఉన్నాయి, వాటితో ఎవరికీ పని లేదు. 'ఈ ముదురు మెరూన్ రంగు మొదటి రెండు ఉతుకుల్లో కొద్దిగా దిగుతుంది, విడిగా ఉతకండి' అని రాస్తే కొనేవాళ్లు పారిపోరు. మీరు దాచలేదన్న సంగతి గమనిస్తారు.

ఆ జవాబులు ఎక్కడ పెట్టాలి అన్నది తర్వాతి ప్రశ్న. ఇక్కడ చేనేతకు ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది. సెల్‌ఫోన్లు అమ్మేవాడికి ఒక మోడల్ వెయ్యి ముక్కలు ఉంటాయి, వాడి పేజీ ఏడాది పాటు ఉంటుంది. మీ దగ్గర ఒక్కో చీర ఒక్కటే, మహా అయితే నాలుగు. అమ్ముడైతే ఆ పేజీ తీసేస్తున్నారు. గూగుల్ ఒక పేజీని చూసి, గుర్తుపెట్టుకుని, ఎవరికైనా చూపించే లోపల ఆ పేజీ మాయమవుతోంది. రెండేళ్లుగా మీరు పెట్టిన పేజీలన్నీ ఇలాగే పోయాయి. అందుకే విడి చీర పేజీల మీద శ్రమ పెట్టకండి. రకానికి ఒక శాశ్వతమైన పేజీ పెట్టండి. నిజాం అంచు నూలు చీరలు ఒక పేజీ, పట్టు నూలు కలిసినవి ఒకటి, డ్రెస్ మెటీరియల్ ఒకటి, మీటర్ల లెక్కన అమ్మే గుడ్డ ఒకటి, పెద్ద ఆర్డర్ల నేత ఒకటి. ఈ ఐదారు పేజీలు సైటుకు స్తంభాలు. రకం వివరం, జవాబులు, ధర ఎంత నుంచి ఎంత వరకు అన్నది అక్కడ ఉంటాయి. కింద ఇప్పుడు ఉన్న చీరల ఫొటోలు మారుతూ ఉంటాయి. పేజీ చిరునామా మాత్రం ఎన్నటికీ మారదు.

పాత చీరల పేజీలు తొలగించినప్పుడు వాటన్నిటినీ ముఖపత్రానికి (హోమ్ పేజీకి) మళ్లించమని సైటు చేసిన అబ్బాయి సలహా ఇచ్చాడన్నారు. అది పనికిరాదు, సంబంధం లేని చోటికి మళ్లిస్తే గూగుల్ దాన్ని లేని పేజీగానే లెక్కిస్తుంది. అదే రకం పేజీకి శాశ్వత మళ్లింపు పెట్టండి. అలా మళ్లించే చోటు లేకపోతే ఊరికే 'దొరకలేదు' అని రానివ్వండి, దానివల్ల సైటుకు హాని ఏమీ ఉండదు.

ధరలు దాచడం గురించి మీతో నాకు కొంచెం పేచీ ఉంది. పక్క దుకాణాలవాళ్లు చూసి తగ్గిస్తారని మీ భయం. వాళ్లకు మీ ధరలు ఇప్పటికే తెలుసు, బజారులో దాగేవి ఏమున్నాయి? దాచినందువల్ల నష్టపోతున్నది దూరాన ఉన్న మనిషి. రాత్రి పదకొండింటికి చీర చూసి, ధర కోసం అపరిచితులకు వాట్సాప్ పెట్టడానికి చాలామంది ఇష్టపడరు, పక్క సైటుకు వెళ్లిపోతారు. పైగా అమ్మకందారుల కోసం గూగుల్ నడిపే మర్చంట్ సెంటర్‌లో సరుకును ఉచితంగా జాబితా చేసుకోవచ్చు. దానికి పేజీ మీద ధర, సరుకు ఉందా లేదా అన్నవి స్పష్టంగా ఉండాలి. నెట్‌లో అమ్మేవాళ్లకు చట్టపరంగా కూడా కొన్ని బాధ్యతలు ఉన్నాయి. 2020 నాటి వినియోగదారుల రక్షణ ఇ-కామర్స్ నియమాల ప్రకారం సంస్థ పేరు, చిరునామా, సంప్రదించే మార్గం, ఫిర్యాదులు చూసే అధికారి వివరాలు సైటులో కనబడాలి. మీ సైటులో ఒక ఫోను నంబరు తప్ప ఏదీ లేదు. తిరిగి ఇవ్వడం, డబ్బు వాపసు ఎలాగో కూడా లేదు. కొత్తవాళ్లు ముందు చూసేది ఆ పేజీనే.

ఫొటోల సంగతి కాస్త ఎక్కువ రాస్తాను, చీరల వ్యాపారంలో వెతుకులాట చాలావరకు బొమ్మలతోనే నడుస్తుంది. ఎక్కడో పెళ్లిలో చూసిన చీర ఫొటో తీసి గూగుల్ లెన్స్‌లో వెతికే ఆడవాళ్లు మీ దుకాణానికి కూడా వచ్చే ఉంటారు. మీ ఫొటోలు వాట్సాప్‌లో ఒకరి నుంచి ఒకరికి వచ్చి సైటుకు ఎక్కుతున్నాయి. వాట్సాప్ మామూలుగా ఫొటోను బాగా కుదించి పంపుతుంది, నూలు పోగు తేడా అక్కడే చచ్చిపోతుంది. కెమెరా ఉన్న ఫోను నుంచి నేరుగా ఎక్కించండి, లేదా డాక్యుమెంట్‌గా పంపుకోండి. కిటికీ పక్క పగటి వెలుతురులో తీయండి. పసుపు బల్బు కింద తీసిన ఆకుపచ్చ చీర అమెరికా వెళ్లాక మరో రంగులో తేలితే ఆ గొడవ మీకే. ఒక్కో రకానికి నాలుగు ఫొటోలు చాలు. చీర మొత్తం, అంచు దగ్గరగా, కొంగు, కట్టుకున్న మనిషి. అంచు పక్కన టేపు పెట్టి తీసిన ఫొటో ఒకటి ఉంటే 'అంచు ఎంత ఉంటుంది' అన్న ప్రశ్న శాశ్వతంగా ఆగిపోతుంది.

ఫైలు పేరు 'ఐఎంజీ 2047' అని కాకుండా చీర రకం, రంగుతో పెట్టండి. బొమ్మకు ఇచ్చే ఆల్ట్ వివరణలో ఒక వాక్యం రాయండి, చూపు లేనివాళ్లకు చదివి వినిపించేది కూడా అదే. చీర మధ్యలో అడ్డంగా దుకాణం పేరు ముద్ర వేయకండి. దొంగతనం ఆగదు, చీర మాత్రం కనబడదు. మీ ముఖపత్రంలోని ఐదు తిరిగే బొమ్మలను నేపథ్యపు బొమ్మలుగా పెట్టారు. స్టైల్ కోడ్‌లో పెట్టిన నేపథ్యాలను గూగుల్ బొమ్మల వెతుకులాటలో చేర్చదు. అంటే మీ అత్యంత మంచి ఐదు ఫొటోలు అక్కడ అసలు లేవు.

అవే బొమ్మలు సైటును నెమ్మది చేస్తున్నాయి కూడా. ఒక్కోటి నాలుగైదు మెగాబైట్లు. పేజ్‌స్పీడ్ ఇన్‌సైట్స్ అనే గూగుల్ ఉచిత సాధనంలో మీ చిరునామా పెట్టి చూడండి. అందులో చూడవలసినవి మూడు. తెర మీద అతిపెద్ద భాగం 2.5 సెకన్ల లోపల కనబడాలి. వేలు పెట్టి నొక్కితే 200 మిల్లీసెకన్ల లోపల స్పందించాలి. పేజీ తెరుచుకుంటుండగా అక్షరాలు, బొమ్మలు అటూ ఇటూ దూకకూడదు, ఆ కొలత 0.1 మించకూడదు. మీకు మొదటిదే తప్పుతోంది. ఐదు బొమ్మల స్థానంలో ఒక్కటి ఉంచి, వెడల్పు 1600 పిక్సెళ్లకు తగ్గించి, వెబ్‌పీ అనే తేలికైన ఫైలు రూపంలో పెడితే చాలావరకు సరిపోతుంది. నూటికి నూరు మార్కుల కోసం మాత్రం తాపత్రయపడకండి. వేగంగా తెరుచుకునే ఖాళీ పేజీ ఖాళీ పేజీయే. గూగుల్ ఇప్పుడు సైట్లను ఫోను రూపంలోనే చదువుతుంది కాబట్టి, ఏ మార్పు చేసినా ముందు ఫోనులో చూడండి, కంప్యూటర్లో తర్వాత.

టైటిల్ అనేది వెతుకులాట ఫలితాల్లో నీలం రంగులో కనబడే వరుస. మీ ముఖపత్రానికి 'హోమ్' అని ఉంది, మిగతా పేజీలన్నిటికీ దుకాణం పేరే. ప్రతి పేజీకి దానిదైన టైటిల్ ఇవ్వండి. ముందు సరుకు, తర్వాత ఊరు, చివర దుకాణం పేరు. దాని కింద వచ్చే రెండు వరుసల వివరణ వల్ల స్థానం మారదు, నొక్కాలా వద్దా అన్నది మాత్రం మారుతుంది. పది నిమిషాల పని ఇది.

భాష గురించి మీరు విడిగా అడిగారు, తెలుగులో పెట్టాలా ఇంగ్లీషులోనా అని. చీరలు కొనే తెలుగువాళ్లలో కూడా ఎక్కువమంది ఇంగ్లీషు అక్షరాల్లోనే వెతుకుతారు. అమ్మకపు పేజీలు ఇంగ్లీషులో ఉండక తప్పదు. కానీ తెలుగులో చీరల గురించి నమ్మకంగా చదవదగిన పేజీలు తక్కువ కాబట్టి, ఆ ఐదారు స్తంభాల పేజీలకు తెలుగు రూపం కూడా పెడితే పోటీ తక్కువగా ఉండే చోట మీరుంటారు. రెండు భాషలకు రెండు వేరు చిరునామాలు ఉండాలి. ఇప్పుడు మీరు పెట్టుకున్న అనువాద బొత్తాం ఉన్న పేజీ మీదే మాటలు మారుస్తుంది, దానివల్ల గూగుల్‌కు తెలుగు పేజీ అంటూ ఏర్పడదు. పైగా 'నిజాం బోర్డర్' అన్నదాన్ని అది 'నిజాం సరిహద్దు' అని అనువదించింది, మీరు చూశారో లేదో. ఇక ఊరి పేరు. ఇంగ్లీషులో మనం రాసే తీరు ఒకటి, మధ్యలో ఒక 'ఎ' తీసేసి ఉత్తరాదివాళ్లు రాసే తీరు మరొకటి. గూగుల్ రెండిటినీ కలిపి అర్థం చేసుకోగలదు కాబట్టి రెండో రూపాన్ని ఎక్కడో ఒకచోట సహజంగా వాడితే చాలు, ప్రతి వాక్యంలో ఇరికించకండి.

ఇంతవరకు దూరం నుంచి కొనేవాళ్ల గురించి. మీ దగ్గర రెండో రకం కొనుగోలుదారులు ఉన్నారు, పానకాల నరసింహస్వామి దర్శనానికి వచ్చి, కొండ దిగి, చీర కొనుక్కుని వెళ్లేవాళ్లు. విజయవాడ, గుంటూరుల మధ్య జాతీయ రహదారి మీద వెళ్తూ ఆగేవాళ్లు. వాళ్లు సైటు చూడరు, మ్యాప్ చూస్తారు. మ్యాప్‌లో ఎవరిని పైన చూపాలన్నదానికి గూగుల్ చెప్పే ఆధారాలు మూడు. వెతికినదానితో సంబంధం, వెతికిన మనిషికి దూరం, ఆ దుకాణానికి ఉన్న పేరు. దూరాన్ని మీరు మార్చలేరు. మిగతా రెండూ మీ చేతిలో ఉన్నాయి. డబ్బు కట్టి అక్కడి మామూలు స్థానం పెంచుకోవడం కుదరదు, ప్రకటన వేరే సంగతి.

మ్యాప్‌లో కనబడే దుకాణం వివరాలు ఉండే మీ గూగుల్ బిజినెస్ ప్రొఫైల్‌లో దుకాణం వర్గం 'బట్టల దుకాణం' అని ఉంది, చీరల దుకాణం అన్న వర్గం విడిగా ఉంది, దాన్ని ప్రధానంగా పెట్టండి. పేరులో 'బెస్ట్ మంగళగిరి హ్యాండ్‌లూమ్ శారీస్' అని తగిలించారు. బోర్డు మీద ఉన్న పేరే ఉండాలన్నది నియమం, ఎవరైనా ఫిర్యాదు చేస్తే ప్రొఫైల్ నిలిచిపోవచ్చు. తీసేయండి. ఆదివారం తెరిచి ఉంటారో లేదో, పండుగల వేళలు ఏమిటో సరిచేయండి. వీధిలోంచి బోర్డు కనబడేలా ఒక ఫొటో పెట్టండి, కారు ఎక్కడ ఆపాలో ఒక వాక్యం రాయండి. మీ విజిటింగ్ కార్డు మీద ఉన్న సైటు చిరునామా పాత గూగుల్ ఉచిత సైటుది. ఆ ఉచిత సైట్లను గూగుల్ 2024 మార్చిలో మూసేసింది. కార్డులు మళ్లీ అచ్చు వేయించండి.

రివ్యూలు అడగడానికి మొహమాటపడకండి. చీర మడతపెట్టి సంచిలో పెడుతూ, 'నచ్చితే గూగుల్‌లో నాలుగు మాటలు రాయండమ్మా' అంటే ఎవరూ కాదనరు. రాస్తే వంద తగ్గిస్తామనడం మాత్రం నియమ విరుద్ధం. బాగుందన్నవాళ్లను మాత్రమే ఏరి అడగడం కూడా అంతే. ఒకరు రంగు దిగిందని ఒక్క నక్షత్రం ఇచ్చారు, ఏడు నెలలైనా మీ జవాబు లేదు. ఏం జరిగిందో, ఏం చేయగలరో మర్యాదగా రెండు వాక్యాలు రాయండి. అది ఆ ఒక్కరి కోసం కాదు, తర్వాత చదివేవాళ్ల కోసం.

లింకుల గురించి ఒక మాట. కొనవద్దన్నాను గానీ, నిజమైన లింకులు విలువైనవే. హైదరాబాద్, బెంగళూరుల్లో బొటిక్‌లు మీ గుడ్డ కొని కుట్టి అమ్ముతున్నాయన్నారు. గుడ్డ ఎక్కడిదో వాళ్ల సైటులో ఒక వాక్యంలో చెప్పి మీ పేజీకి లింకు ఇవ్వమని అడగండి. ఫ్యాషన్ కళాశాలల విద్యార్థులు మగ్గం చూడడానికి వస్తే సాదరంగా చూపించండి, వాళ్ల ప్రాజెక్టుల్లో, కళాశాల పేజీల్లో మీ పేరు రావచ్చు. మంగళగిరి చీరలకు భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) ఉంది. చేతిమగ్గం నేతేనని చూపే హ్యాండ్‌లూమ్ మార్క్ అనే ప్రభుత్వ గుర్తు 2006 నుంచి ఉంది. మీ దగ్గర ఆ గుర్తు ఉంటే సైటులో ఎక్కడా చెప్పలేదెందుకు? మరమగ్గం చీరకూ చేతిమగ్గం చీరకూ తేడా ఎలా కనిపెట్టాలో మీ నాన్నగారు ఫోను ముందు చూపిస్తే, ఆ పేజీకి అడగకుండానే లింకులు వస్తాయి.

2024 ఆగస్టు నుంచి మన దేశంలో కూడా గూగుల్ చాలా ప్రశ్నలకు యంత్రం కూర్చిన జవాబును పైనే చూపిస్తోంది. 'మంగళగిరి చీరల చరిత్ర' లాంటి పేజీ రాసి జనాన్ని రప్పించడం ఇక కష్టమే, చదివేవాళ్లు అక్కడితో ఆగిపోతారు. నేను మీ నాన్నగారి మాటలు రాయమని అంత పట్టుబట్టడానికి ఇదీ ఒక కారణం. మరో పది సైట్లలో దొరికే సంగతిని యంత్రం తేలికగా కూర్చిపెడుతుంది. ఈ వారం మీ మగ్గాల మీద ఏ రంగు ఉందో, పాతిక చీరల ఆర్డరుకు ఎన్నాళ్లు పడుతుందో మీరు చెబితే తప్ప దానికి తెలియదు.

ఫలితం ఎలా కొలవాలి? గూగుల్ సెర్చ్ కన్సోల్ ఉచితం. డొమైన్ (సైటు చిరునామా) సెట్టింగుల్లో ఒక చిన్న గుర్తు చేర్చి మీ సైటేనని నిరూపించుకుంటే చాలు. ఎవరు ఏ మాటలతో వెతికినప్పుడు మీ సైటు కనబడింది, ఎంతమంది నొక్కారు, ఏ పేజీలను గూగుల్ చేర్చుకుంది, ఏవి వదిలేసింది అన్నీ అక్కడ ఉంటాయి. మీ దుకాణం పేరు ఉన్న వెతుకులాటలను వడపోసి తీసేయండి, మిగిలినదే అసలు లెక్క. 16 నెలల సమాచారం అందులో ఉంటుంది కాబట్టి ఈ శ్రావణ మాసాన్ని పోయిన శ్రావణంతో పోల్చండి. దసరా అమ్మకాలను ఆషాఢంతో పోల్చి సైటు బాగుపడిందనుకుంటే మోసపోతారు. వరలక్ష్మీ వ్రతానికి పేజీ పెట్టాలనుకుంటే కనీసం రెండు మూడు నెలల ముందే ఉండాలి. అలాగే గల్లా దగ్గర ఒక నోటు పుస్తకం పెట్టి, కొత్తగా వచ్చినవాళ్లను 'మా గురించి ఎలా తెలిసింది' అని అడిగి గీతలు గీయండి. ఏ సాఫ్ట్‌వేరూ చెప్పలేనిది అది చెబుతుంది.

అన్నిటికన్నా ముందు చేయవలసిన పని ఒకటి ఉంది, అది రాతపని కాదు. మీ డొమైన్, హోస్టింగ్ (సైటు ఫైళ్లు ఉంచే అద్దె చోటు) సైటు చేసిన ఆ అబ్బాయి సొంత ఖాతాలో ఉన్నాయని మీరే రాశారు. ఇప్పుడతను పుణెలో ఉద్యోగంలో ఉన్నాడు, ఫోను ఎత్తడం తగ్గించాడు. గడువు ముగిసినా అతను కట్టడం మరిచిపోతే కొన్నాళ్లకు మీ చిరునామా ఎవరైనా కొనుక్కోవచ్చు. పోట్లాట పెట్టుకోకుండా, అడిగి, బదిలీ కోడ్ తీసుకుని, మీ పేరు మీద, మీ ఈమెయిలుతో, మీ కార్డుతో ఉన్న ఖాతాకు మార్చుకోండి. బిజినెస్ ప్రొఫైల్, సెర్చ్ కన్సోల్ యజమానిగా కూడా మీరే ఉండాలి. రేపు ఎవరికి పని అప్పగించినా వాళ్లకు మేనేజరు స్థాయి అనుమతి ఇవ్వండి, యాజమాన్యం ఇవ్వకండి.

డబ్బు ఖర్చు పెట్టాలనే ఉంటే, ఆ ఒక నెల 15 వేలను ఒక్కసారికి వాడండి. వర్డ్‌ప్రెస్ బాగా తెలిసినవాళ్లెవరితోనైనా ముఖపత్రం సరిచేయించి, ఐదారు రకాల పేజీలు, తెలుగు చిరునామాలు, మళ్లింపులు పెట్టించండి. మిగిలితే ఫొటోలకు. ఆ సంస్థవాళ్లు మళ్లీ ఫోను చేస్తే రెండు ప్రశ్నలు అడగండి. మొదటి నెలలో నా సైటులో ఏ పేజీ మీద ఏం మారుస్తారు? ఆ 200 లింకులు ఏ సైట్ల నుంచి వస్తాయో జాబితా ఇస్తారా? జవాబు వినడానికి ఎక్కువసేపు పట్టదు.

డొమైన్ గడువు తేదీ ఎప్పుడో చూసి ఇక్కడ రాయండి. సెర్చ్ కన్సోల్ తెరిచిన ఒక నెల తర్వాత, దుకాణం పేరు లేని వెతుకులాటల పట్టిక కూడా పెట్టండి. ఐదారు పేజీల్లో ఏది ముందు రాయాలో దాన్ని బట్టి చెబుతాను.